ఎర్ర చుక్కలు

జూన్ 11

ప్రియమైన పిట్టకి,

నాన్న రాసేది. ఇక్కడ బాగానే ఉన్నాను. ఈ నెల గోధుమపిండి బస్తా మీసాలాయన లారీలో పంపుతున్నాను. ఎప్పటిలాగే ఉత్తరం బస్తా మూతికి కుట్టించాను. అల్లుణ్ణి ఒక్కణ్ణే దించుకోమనకు, నడుము పట్టేస్తుంది.

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి సరిగా చెప్పలేకపోయాను. నాకు ఫోన్‌లో మాట రాదు. మీ అమ్మ ఉన్నప్పుడు ఆవిడే మాట్లాడేది, నేను పక్కన నిలబడి తల ఊపేవాణ్ణి. అందుకే రాస్తున్నాను.

పిల్లలు కావాలనుకుంటే ముందునుంచే వేసుకోవాలని నర్సమ్మ మాత్రలు ఇచ్చిందనీ, అవి వేసుకుంటే కడుపులో తిప్పుతోందనీ, రెండుసార్లు కక్కుకున్నావనీ అన్నావు. మాత్రల అట్ట మీద ఏం రాసుందో చదవమన్నాను గుర్తుందా? ఇనుము, ఫోలిక్ ఆమ్లం. ఆ పేర్లు నాకు కొత్త కాదు. మా మిల్లులో పిండిలో కలిపే మందుపొడి సంచి మీద కూడా అవే ఉంటాయి, బి పన్నెండు అని ఇంకొకటి అదనం.

మా దగ్గర రోజుకి ఐదు టన్నుల పిండి ఆడుతుంది. టన్నుకి రెండు వందల గ్రాముల పొడి పడాలి. మర పక్కన చిన్న ఫీడర్ ఉంటుంది, అందులోంచి పొడి సన్నటి ధారగా పిండిలోకి రాలుతుంది. అది రాలుతోందో లేదో చూసే పని నాది. ప్రతి షిఫ్టులో గుప్పెడు పిండి పళ్లెంలో పరిచి, గరిటె వెనకతో నున్నగా అదిమి, రెండు సీసాల్లోని పరీక్ష మందు చుక్కలుగా వేస్తాను. రెండు నిమిషాలకి తెల్లటి పిండి మీద ఎర్ర చుక్కలు తేలతాయి. తేలితే పొడి కలిసినట్టు. అప్పుడు రిజిస్టర్‌లో మూడు పేర్లూ రాసి సంతకం పెడతాను. తొమ్మిదేళ్లలో ఒక్క గడి ఖాళీగా లేదు.

నేను చదివింది ఏడో తరగతి. మిగతాది సంచుల మీదా సీసాల మీదా చదివి నేర్చుకున్నదే. అయినా ఇంత మాత్రం తెలుసు. మాత్రలో ఉన్నది పిండిలోనూ ఉంది. మింగింది కక్కుకునేకంటే రెండు రొట్టెలు ఎక్కువ తినడం మేలు. నేను నా కళ్లతో చూసి పంపే పిండి అది.

మీ అత్తగారికి నమస్కారాలు చెప్పు.

ఉంటాను,
నాన్న

* * *

సెప్టెంబరు 4

ప్రియమైన నాన్నా,

ముందు మంచి మాట చెప్పేస్తాను, లేకపోతే నువ్వు చివరిదాకా చదవకుండా మడిచి జేబులో పెట్టుకుంటావు. నాకు రెండో నెల నిండింది. నువ్వు తాతయ్యవి కాబోతున్నావు.

అత్తయ్యకి చెప్పగానే పొయ్యి ఆర్పేసి వచ్చి కూర్చుంది. ఇంట్లో ఇంకెవరూ లేకపోయినా చెవిలో చెబుతోంది, మూడో నెల దాటేదాకా ఎవరితోనూ అనొద్దని. సాయంత్రానికల్లా వీధి వీధంతా తెలిసిపోయింది. ఎవరు చెప్పారో నీకు చెప్పక్కర్లేదు. మీ అల్లుడు డిపోలో బస్సు కింద పడుకుని బోల్టులు బిగిస్తూ పాట పాడాడట. ఆయన పాడితే బస్సు తనంతట తనే స్టార్టవుతుందని తోటి మెకానిక్కులు ఏడిపిస్తున్నారు.

నర్సమ్మ దగ్గర మాత్రం చీవాట్లు పడ్డాయి. మాత్రలు అయిపోయాయా అని అడిగింది. లేదండీ అలాగే ఉన్నాయి, మా నాన్న పంపే పిండిలో అన్నీ ఉంటాయి అన్నాను.

“మీ నాన్న డాక్టరా?” అంది.

“కాదండీ, పిండిమిల్లులో రిజిస్టర్ రాస్తాడు.”

“అయితే కాన్పు కూడా ఆయన్నే చెయ్యమను.”

మీ అల్లుడు దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాడు. కానీ ఆవిడ మంచిది నాన్నా. అన్నం తిన్నాక సగం సగం వేసుకో, తిప్పదు అని కొత్త అట్ట ఇచ్చింది. నిజంగానే తిప్పడం లేదు. ఇంకో మాట కూడా చెప్పింది. బిడ్డకి వెన్నెముక మొదటి నెలలోనే మూసుకుపోతుందట, మనకి కడుపని తెలిసేలోపే. ఆ ఫోలిక్ ఆమ్లం పని అప్పుడేనట. విన్నప్పుడు కాస్త గుబులు పుట్టింది. తర్వాత అనుకున్నాను, ఆ నెలంతా నేను తిన్నది నీ పిండే కదా. భయం ఎందుకు?

కుట్టు దుకాణంలో కాజాలు కుట్టే పని నాకే ఇచ్చారు, మిషను తొక్కొద్దని. బడి చొక్కాలు నాలుగు వందలు. కాజా కుట్టినప్పుడల్లా నీ పళ్లెంలో చుక్కలు గుర్తొస్తున్నాయి.

నీ పిట్ట

* * *

సెప్టెంబరు 20

ప్రియమైన పిట్టకి,

నీ ఉత్తరం అందింది. చాలా సంతోషం. మీ అమ్మ ఫొటో ముందు చదివాను.

నర్సమ్మ చెప్పినట్టే మాత్రలు వేసుకో. ఒక్క రోజు కూడా మానకు. పిండి పిండే, మాత్ర మాత్రే. నేను అప్పుడు రాసింది పట్టించుకోకు.

ఇక్కడ వానలు. మిల్లులో చెమ్మ ఎక్కువ. ఆహార శాఖ నుంచి అధికారి వచ్చి రిజిస్టర్ చూశాడు. అచ్చు వేసినట్టు ఉంది అన్నాడు. మేనేజరు సంతోషపడ్డాడు.

ఆకుకూరలు తింటున్నావా? పప్పు, గుడ్డు తిను. ఈసారి బస్తాతో పాటు శనగలు కూడా పంపుతున్నాను.

రాయడానికి ఇంకేమీ లేదు.

నాన్న

* * *

నవంబరు 27

ప్రియమైన నాన్నా,

ఇది ఎలా రాయాలో తెలియక మూడు రోజులు తిరిగాను.

ఐదో నెల స్కానింగ్‌కి పెద్దాసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ మొదట మాట్లాడుతూనే చూసింది. తర్వాత మాట ఆపేసింది. అదే చోట మళ్లీ మళ్లీ చూసింది. బయటికి వెళ్లి ఇంకో డాక్టరుని తీసుకొచ్చింది. అప్పటికే నాకు అర్థమైంది నాన్నా, ఏమిటో కాదు, ఏదో ఉందని.

బిడ్డకి వెన్ను కింది భాగం మూసుకోలేదు. అక్కడ చిన్న తిత్తిలా బయటికి వచ్చి ఉంది. పుట్టిన రెండు రోజుల్లోపు ఆపరేషన్ చెయ్యాలట. చేసినా కాళ్లు కదలకపోవచ్చు, మూత్రం తెలియకపోవచ్చు, తలలో నీరు చేరొచ్చు. ఉంచుకోవాలో వద్దో మీరిద్దరూ ఆలోచించుకోండి, తొందర పెట్టను, కానీ ఎక్కువ రోజులు లేవు అంది. మీ అల్లుడు ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, లోపల తన్నుతున్న బిడ్డని వద్దని ఎలా అనను అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. ఉంచుకుంటున్నాం.

ఎందుకిలా అయిందని అడిగాను. ఒక్కటే కారణమని చెప్పలేం, ఫోలిక్ ఆమ్లం చాలకపోవడం పెద్ద కారణం అంది. మాత్రలు ఎప్పటినుంచి వేసుకున్నావని అడిగింది. చెప్పాను. రాసుకుంది. తిట్టనందుకే ఏడుపొచ్చింది.

అత్తయ్య ఊరుకోలేదు. “ఊరికే ఇచ్చిన మాత్ర. నోట్లో వేసుకుని నీళ్లు తాగడానికి ఏమొచ్చింది దీనికి?” అని గోడతో అంది. నాతో మాట్లాడటం మానేసి ఇప్పుడు గోడతోనే మాట్లాడుతోంది. మానెయ్యమని నువ్వు రాశావని నేను ఎవరికీ చెప్పలేదు నాన్నా. ఆ ఉత్తరం బియ్యం డబ్బా అడుగున పెట్టాను. నువ్వు మాట పడటం నాకిష్టం లేదు. అయినా మింగనిది నేను కదా.

నాకు ఒక్కటి చెప్పు. జూలై నెలలో నేను తిన్న పిండిలో ఆ పొడి ఉందా? ఉందని నువ్వు రాస్తే చాలు. మాత్ర అందకపోయినా ఎంతో కొంత బిడ్డకి అందింది అనుకుంటాను. అంతకంటే నాకేమీ వద్దు.

నీ పిట్ట

* * *

డిసెంబరు 22

ప్రియమైన పిట్టకి,

జవాబు ఆలస్యమైంది. మిల్లులో పని.

నువ్వు అడిగినదానికి. జూలైలో ప్రతి రోజూ, ప్రతి షిఫ్టులో పరీక్ష చేశాను. ప్రతిసారీ ఎర్ర చుక్కలు వచ్చాయి. రిజిస్టర్‌లో ఉంది. నా సంతకం ఉంది.

నువ్వు నిన్ను నువ్వు తిట్టుకోకు. మీ అత్తగారికి, మాత్ర మానెయ్యమని నేనే రాశానని చెప్పు. ఉత్తరం చూపించు.

కొత్త బస్తా పంపుతున్నాను. పాత బస్తాలో మిగిలింది వాడొద్దు. పురుగు పట్టి ఉంటుంది, పారెయ్యి.

ఆసుపత్రికి ఏమైనా కావాలంటే రాయి.

నాన్న

* * *

ఏప్రిల్ 10

ప్రియమైన నాన్నా,

వార్డులో మంచం మీద కూర్చుని రాస్తున్నాను. పాప పుట్టి పదకొండు రోజులైంది. రెండో రోజే వీపు మూశారు. కుట్లు చక్కగా ఉన్నాయి, కుట్టేదాన్ని కాబట్టి చెబుతున్నాను. కాళ్లు మాత్రం కదలడం లేదు. అరికాలిలో గోకితే నా వైపు చూస్తుంది కానీ కాలు లాక్కోదు. ముక్కు నీదే. ఏడిస్తే నీలాగే ఎక్కువ చప్పుడు చెయ్యదు.

నువ్వు డిసెంబరులో రాసిన ఉత్తరం అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడ గోడని వదిలేసింది. “పిండిలో ఉందన్నాడుగా. ఇక ఎవరిననుకుని ఏం లాభం?” అంది. అందుకు నీకు రుణపడ్డాను.

ఇక్కడ నాలాంటి వాళ్లం నలుగురం ఉన్నాం. ఒక్క నెలలో నలుగురు. ఏడాదికి ఒకటో రెండో కేసులు వచ్చేవట. ఒకామె బిడ్డ బతకలేదు. ఆమె మంచం నా పక్కనే, పాలు పడి రొమ్ము గట్టిపడితే రాత్రంతా మూలిగేది. డాక్టరమ్మ మా నలుగురినీ కూర్చోబెట్టి ఏం తిన్నారు, ఏం తాగారు, ఏ వీధి అని అన్నీ అడిగింది. నలుగురం మీ మిల్లు పిండే తిన్నాం. ఆవిడ పెన్ను ఆపి, ఆ పిండి సంగతి కనుక్కోవాలి అంది. వెంటనే నేను నీ ఉత్తరం తీసి చూపించాను. రోజూ పరీక్ష, రోజూ సంతకం. అది చదివి ఆవిడ పిండి అని రాసినచోట కొట్టేసింది. ఇప్పుడు మా నాలుగు వీధుల బోరు నీళ్లు సీసాల్లో పట్టి పరీక్షకి పంపుతున్నారు.

ఇంకో విషయం. ఈ బుధవారం తర్వాత వచ్చే బుధవారం నేను ఆపరేషన్ చేయించుకుంటున్నాను, ఇక పిల్లలు పుట్టకుండా. కాగితం తెచ్చుకున్నాను, సంతకం పెట్టాలి. మీ అల్లుడు వద్దంటున్నాడు. కానీ ఆలోచించు నాన్నా. పిండిలో ఉంది, నేను తిన్నాను, అయినా ఇలా అయింది. అంటే లోపం నా ఒంట్లోనే ఉంది. అన్నీ అందినా నిలుపుకోలేని ఒళ్లు ఇది. ఇంకో బిడ్డకి ఈ అన్యాయం చెయ్యలేను.

పాపని చూడటానికి ఎప్పుడొస్తావు?

నీ పిట్ట

* * *

ఏప్రిల్ 13

ప్రియమైన పిట్టకి,

ఈ ఉత్తరం బస్తాకి కుట్టలేదు. మీసాలాయన చేతికిచ్చి, ఆసుపత్రికే వెళ్లి నీ చేతిలో పెట్టమన్నాను. ఫోన్ చెయ్యాలని మూడుసార్లు నంబరు నొక్కాను. మోగకముందే పెట్టేశాను.

నువ్వు ఆ కాగితం మీద సంతకం పెట్టకు. ముందు ఇది చదువు.

నీ ఒంట్లో లోపం లేదు. జూలైలో నువ్వు తిన్న పిండిలో ఫోలిక్ ఆమ్లం లేదు. నీ ఒంటికి అది అందనేలేదు. అందనిదాన్ని ఏ ఒళ్లు నిలుపుకుంటుంది?

జూన్ 28న మిల్లుకి కొత్త సంచులు వచ్చాయి. పాతవి నీలం సంచులు, వాటి మీద మూడు పేర్లు ఉండేవి. ఇవి తెల్లవి. ఒకటే పేరు, ఇనుము. నేను మేనేజరు దగ్గరికి వెళ్లి మిగతా రెండూ లేవని చెప్పాను. “ఎర్ర చుక్కలు వస్తున్నాయా పెద్దాయనా?” అన్నాడు. వస్తున్నాయన్నాను. “మరింకేం? ఎప్పటిలాగే రాయి” అన్నాడు. రాశాను. తర్వాత తెలిసింది, అవి సగం ధరకి వస్తాయని.

ఆ చుక్కలు ఇనుముకే వస్తాయి. మిగతా రెండూ ఉన్నా లేకపోయినా ఆ పరీక్షలో కనపడవు. తొమ్మిదేళ్లు ఆ చుక్కల్ని చూసి మూడు పేర్లు రాశాను. సంచి మీద ఉన్నాయి కాబట్టి పిండిలో ఉన్నాయనుకున్నాను. అప్పటిదాకా అది తెలియకపోవడం. జూన్ 28 తర్వాత అది తెలియకపోవడం కాదు. సంచి మీద లేని పేర్లు రోజూ రెండుసార్లు రాశాను. ఇనుమే అసలైనది, మిగతావి పులుసులో కరివేపాకు లాంటివి అనుకున్నాను. అది దేనికి పనికొస్తుందో ఎవరినీ అడగలేదు. అడిగితే నాకు తెలియదని తెలిసిపోతుంది కదా.

సెప్టెంబరులో నువ్వు నర్సమ్మ మాట రాశావు, వెన్నెముక మొదటి నెలలోనే అని. ఆ రోజే నాకు తెలియాలి. తెలిసింది కూడా. మాత్రలు మానొద్దని రాసి, ఎందుకో రాయకుండా కవరు అంటించాను.

స్కానింగ్ ఉత్తరం వచ్చాక మేనేజరు దగ్గరికి మళ్లీ వెళ్లాను. పాత పొడి తెప్పించకపోతే ఆహార శాఖకి రాస్తానన్నాను. తెప్పిస్తాను, కానీ జరిగినదాని గురించి నోరు విప్పకూడదన్నాడు. ఒప్పుకున్నాను. ఇకమీదట తినేవాళ్లకైనా అందుతుంది, జరిగింది చెప్పినా వెనక్కి రాదు అని నాకు నేను చెప్పుకున్నాను. డిసెంబరు 20న నీలం సంచులు వచ్చాయి. 22న నీకు ఆ ఉత్తరం రాశాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేకుండా చూసుకుని రాశాను. అంతకంటే పెద్ద అబద్ధం నేను ఎప్పుడూ ఆడలేదు.

ఆ ఉత్తరం చూసి డాక్టరమ్మ పిండిని కొట్టేసిందని నువ్వు రాశావు.

అంతా బయటపెడతానని నిన్న మేనేజరుకి చెప్పేశాను. ఆయన అరవలేదు. “నీ చేతిరాతే మనకి సాక్ష్యం. దాన్ని నువ్వే అబద్ధం అంటే ఎవరు నమ్ముతారు?” అన్నాడు. ఈ రోజు నన్ను గేటు లోపలికి రానివ్వలేదు. ఆహార శాఖకి రిజిస్టర్డు పోస్టులో రాశాను. రిజిస్టర్ మిల్లులోనే ఉంది. కానీ ఏ రోజు ఏ రంగు సంచి విప్పానో నా ఇంటి పుస్తకంలో ఉంది. రోజూ పడుకునే ముందు ఆ రోజు చేసినదంతా రాసుకునే అలవాటు నాకు. అందులో అబద్ధం రాయలేదు. ఎవరూ చదవరు కాబట్టి.

డాక్టరమ్మకి ఈ తేదీలు ఇవ్వు. జూన్ 28 నుంచి డిసెంబరు 20 దాకా. ఆ నెలల్లో కడుపు వచ్చినవాళ్లలో ఇంకా కనాల్సినవాళ్లు ఉంటారు.

మాత్రలు వేసుకుని ఉంటే ఇలా జరిగేది కాదని ఎవరూ గట్టిగా చెప్పలేరు. జరిగేదనీ చెప్పలేరు. మానెయ్యమన్నదీ నేనే, పిండిలో ఉందని సంతకం పెట్టిందీ నేనే. క్షమించమని అడగడం లేదు. అది అడిగితే మళ్లీ నీ మీద ఇంకో పని పెట్టినట్టు.

నాన్న

* * *

ఏప్రిల్ 20

నాన్నగారికి,

ఉత్తరం అందింది. లారీ ఆయన వార్డు తలుపు దగ్గర చెప్పులు విప్పి లోపలికి వచ్చి నా చేతిలో పెట్టాడు. రెండుసార్లు చదివాను. రెండోసారి పాప పాలు తాగుతోంది. తర్వాత డాక్టరమ్మకి ఇచ్చాను.

ఆవిడ బోరు నీళ్ల పరీక్ష ఆపించింది. ఆహార శాఖ వాళ్లు వచ్చి దుకాణాల్లో పాత బస్తాలు వెతుకుతున్నారు. పాత పిండి ఖర్చయ్యేదాకా లెక్క వేసి, మీరిచ్చిన చివరి తేదీకి ఆవిడ ఇంకో నెల కలిపింది. మా ఆరోగ్య కేంద్రం పరిధిలోనే ఆ నెలల్లో కడుపు వచ్చినవాళ్లు అరవై మూడు మంది. వీళ్లలో యాభై ఒక్క మందికి ఇంకా కాన్పు కాలేదు. వాళ్లందరికీ మళ్లీ స్కానింగ్ చేస్తున్నారు. నిన్నటికి ఒకామె బిడ్డకీ ఇదేనని తేలింది. ఇంటి దగ్గర కనాలనుకున్న మనిషి. ఇప్పుడు పెద్దాసుపత్రిలో చేర్పిస్తున్నారు. డిసెంబరులోనే తెలిసి ఉంటే ఇంకా ఎంతమందికి ముందే చూసేవాళ్లో నేను డాక్టరమ్మని అడగలేదు. పక్క మంచం ఆమె అడిగింది.

కాగితం మీద సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా చెప్పలేదు.

అత్తయ్యకి అంతా చెప్పాను. ఆవిడ పాపని నా ఒళ్లోంచి తీసుకుని, “నువ్వు కాసేపు పడుకో అమ్మా” అంది. అమ్మా అని ఆవిడ నన్ను పిలిచి ఐదు నెలలైంది. మీ అల్లుడు మీ గురించి ఒక్క మాట కూడా అనడం లేదు. ఎప్పుడో ఒకరోజు అంటాడు, అననివ్వండి.

సోమవారం పొద్దున పది గంటలకి మీరు ఆరోగ్య కేంద్రానికి రావాలి. మీ ఇంటి పుస్తకం తీసుకురండి. నర్సమ్మ గదిలో మీకు ఒక కుర్చీ, బల్ల వేస్తున్నారు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వస్తారు. వాళ్లకి కడుపు నిలిచిన తేదీ చెబుతారు. ఆ రోజుల్లో పిండిలో ఏం ఉందో, ఏం లేదో మీరు పుస్తకం చూసి చెప్పాలి. ఎందుకు లేదని అడిగితే అది కూడా చెప్పాలి. ఈ పని తను చేస్తానని డాక్టరమ్మ అంది. మా నాన్నే చెబుతారని నేనన్నాను. రాసి ఇవ్వడం కుదరదు. వాళ్లలో చాలామందికి చదువు రాదు.

మొదటి పేరు నాదే వేయించాను. పదింటికి బల్లకి అవతల నేను కూర్చుంటాను. నా తేదీ జూలై పంతొమ్మిది.

మీ కూతురు